మూడు నెలలుగా ఐరన్ బిళ్ళలు మింగుతున్నా ఒంటపట్టడం లేదు

తోటకూర_కట్ట
నాకు 34 ఏళ్ళు. మూడు నెలల కింద రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6, ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ 6 వచ్చాయి. డాక్టరు రోజుకో ఐరన్ బిళ్ళ రాశారు, 100 మిల్లీగ్రాములది. ఒక్కరోజు కూడా మానలేదు. వంటింట్లో క్యాలెండర్ మీద గీతలు పెట్టుకుంటూ మరీ వేసుకున్నాను. మొన్న మళ్ళీ చేయిస్తే 8.9. మూడు నెలలకి 0.3! డాక్టరు కాగితం చూసి "నిజంగా వేసుకుంటున్నారా?" అని అడిగారు. బయటికొచ్చాక ఏడుపొచ్చింది. మలబద్ధకం, కడుపులో తిప్పడం, రోజంతా నోట్లో ఇనుము నాకినట్టు రుచి, ఇవన్నీ భరించింది ఇందుకేనా? రెండో అంతస్తు ఎక్కితే ఇప్పటికీ ఆయాసమే. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వస్తోంది. మా అత్తగారు "నీ ఒంటికి ఏదీ పట్టదమ్మా" అంటున్నారు. ఒంటికి పట్టకపోవడం అనేది నిజంగా ఉంటుందా? ఉంటే ఎందుకు?

రెండో_కాఫీ
ఇది నేనే రాశానేమో అనిపించింది. నాది 9.2 దగ్గర ఆగిపోయి కూర్చుంది. ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి.

మందులషాపు_22
ఉంటుందండీ. బిళ్ళ గొంతు దిగినంత మాత్రాన మందు రక్తంలో కలిసినట్టు కాదు. ముందు ఇవి చెప్పండి. ఏ టైముకి వేసుకుంటారు? దేనితో మింగుతారు? దానికి ముందూ వెనకా ఏం తింటారు, ఏం తాగుతారు? ఇంకే మందులు వాడుతున్నారు? దాచకుండా అన్నీ రాయండి.

తోటకూర_కట్ట
పొద్దున ఆరున్నరకి లేవగానే థైరాయిడ్ మాత్ర, 75 మైక్రోగ్రాములది. పాలు కాగేలోపు మొహం కడుక్కుని వచ్చి ఫిల్టర్ కాఫీ. ఏడున్నరకి గ్యాస్ మాత్ర, పాంటాప్రజోల్ 40, ఏడాదిగా వాడుతున్నాను. ఎనిమిదికి టిఫిన్. అది అవ్వగానే ఐరన్, క్యాల్షియం ఒకేసారి. మర్చిపోకూడదని రెండూ ఒకే డబ్బాలో పెట్టుకున్నాను. ఆ టైముకి మా వారు టీ పెడతారు. ఆ టీతోనే రెండు బిళ్ళలూ మింగేసి ఆఫీసు బస్సుకి పరుగు.

మందులషాపు_22
టీతోనే మింగుతున్నారా! అయితే 8.9 రావడమే ఎక్కువ.

మీరు మానకుండా వేసుకున్నారు, అందులో మీ తప్పేమీ లేదు. ఎలా వేసుకోవాలో చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. తలకి పెట్టుకునే గోరింటాకు పొడిలో టీ డికాషన్ పోసి ఇనుప మూకుట్లో రాత్రంతా నానబెడితే పొద్దుటికి నల్లగా అవుతుంది కదా. టీలో ఉండే ట్యానిన్ అనే వగరు పదార్థం ఇనుమును పట్టుకుంటే వచ్చే నలుపు అది. మీ కడుపులోనూ అదే జరుగుతోంది. ట్యానిన్ పట్టుకున్న ఐరన్ పేగు గోడ దాటలేదు, వచ్చిన దారినే బయటికి పోతుంది.

రెండోది గ్యాస్ మాత్ర. ఐరన్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. పాంటాప్రజోల్ పనే ఆ ఆమ్లాన్ని తగ్గించడం. మూడోది క్యాల్షియం, అది కూడా ఐరన్‌కి అడ్డు పడుతుంది. ఇక థైరాయిడ్ మాత్ర సంగతి. అది పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు ఏమీ తీసుకోకూడదు. మీరు పది నిమిషాలకే కాఫీ తాగుతున్నారు. ఐరన్‌కీ క్యాల్షియానికీ థైరాయిడ్ మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. మీకు గంటన్నరే ఉంది. థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ కూడా సరిగ్గా ఉండి ఉండదు, చూసుకోండి.

తోటకూర_కట్ట
టీఎస్‌హెచ్ 7.8 వచ్చింది. మాత్ర 100కి పెంచాలన్నారు. మీరు ఇవన్నీ వరుసగా రాస్తుంటే నా పొద్దుటి వంటిల్లు మొత్తం కళ్ళ ముందు కనబడింది.

మందులషాపు_22
పెంచే ముందు మీ డాక్టరుకి ఈ కాఫీ సంగతి చెప్పండి. వేసుకునే పద్ధతి మార్చి ఆరు వారాల తర్వాత మళ్ళీ చూద్దామా అని అడగండి.

గోంగూర_రుచి
ఈ బిళ్ళల గొడవంతా ఎందుకు? బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరం, బెల్లం తింటే రక్తం దానంతటదే పడుతుంది. మా ఇంట్లో అందరం అంతే.

ల్యాబ్_కోటు
గోంగూర_రుచి గారూ, ఖర్జూరం మంచిదే, తినొద్దని ఎవరూ అనరు. కానీ బీట్‌రూట్ రంగు చూసి చాలామంది మోసపోతారు. 100 గ్రాముల్లో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఫెరిటిన్ 6 ఉన్న మనిషికి అది ఏ మూలకి? పైగా మొక్కల నుంచి వచ్చే ఐరన్‌లో ఒంటికి పట్టేది తక్కువ. పప్పులు, ముడి ధాన్యాల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టి ఉంచుతాయి. మాంసం, చేపల్లో ఉండే హీమ్ ఐరన్‌కి ఈ బాధ తక్కువ, అది వేరే దారిన లోపలికి వెళ్తుంది.

గోంగూర_రుచి
అంటే శాకాహారులకి దారే లేదా? మా తాతమ్మలు ఏం తిని బతికారు?

ల్యాబ్_కోటు
దారి ఉంది, అది మన వంటింట్లోనే ఉంది. పప్పు నానబెట్టడం, పెసలు మొలకెత్తించడం, ఇడ్లీ దోశ పిండి పులియబెట్టడం, వీటన్నిటితో ఫైటేట్లు తగ్గుతాయి. తోటకూర పప్పులో చివర పిండే నిమ్మకాయ రుచికే కాదు, అందులోని విటమిన్ సి ఐరన్‌ని పేగు తీసుకోగలిగే రూపంలో ఉంచుతుంది. ఉసిరికాయ, జామకాయ కూడా అంతే. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్ళు 2010లో ధాన్యాలు, పప్పుల్లో ఉల్లి, వెల్లుల్లి కలిపి పరీక్షిస్తే ఐరన్, జింక్ అందుబాటు పెరిగింది. అది ప్రయోగశాలలో అరుగుదలను అనుకరించి చేసిన పరీక్ష, మనుషుల మీద చేసింది కాదు. అయినా పప్పులో వెల్లుల్లి పోపు మానకండి.

ఇనుప_మూకుడు
నా పేరు చూశాక నేను మాట్లాడకపోతే బాగుండదు. 🙂 ఇనుప మూకుట్లో పులుసుకూర వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది, పులుపు ఉంటే ఇంకా ఎక్కువ. మా అమ్మ టమాటా పచ్చడి అందులోనే మగ్గబెట్టి, వెంటనే గాజు సీసాలోకి తీసేసేది. అందులోనే ఉంచేస్తే చేదెక్కుతుంది.

పల్లె_నర్సమ్మ
22 ఏళ్ళుగా పల్లెల్లో ఇంటింటికీ తిరుగుతున్నాను, అందుకే ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. గర్భిణులకి మేమిచ్చే ఎర్ర బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రోజుకొకటి, 180 రోజులు. బడి పిల్లల్లో చిన్నవాళ్ళకి గులాబీ రంగుది, పెద్దపిల్లలకి నీలం రంగుది, వారానికొకటి. బిళ్ళలకి కొరత లేదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత అని తేలింది. మన రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు అంతే.

సగం మంది బిళ్ళలు దాచేస్తారు, అది నిజమే. పరుపు కింద, బియ్యం డబ్బాలో, గూట్లో దేవుడి పటాల వెనక, అన్నిచోట్లా చూశాను. వేసుకునేవాళ్ళకి కూడా ఎందుకు పెరగడం లేదో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి ఒక చంటిబిడ్డ తల్లి ఇంట్లో కూర్చున్నాను. నా ఎదుటే బిళ్ళ తీసింది, స్టీలు గ్లాసులో టీ అందుకుంది, గటుక్కున మింగింది. ఎందుకమ్మా అంటే "నీళ్ళతో వేసుకుంటే వాంతొస్తది సిస్టరమ్మా, టీ అయితే వాసన తెలవదు" అంది. ఆ రోజు నుంచి బిళ్ళలు చేతికిచ్చేటప్పుడు టీ మాట చెప్పకుండా గడప దాటను. వాంతి వచ్చేవాళ్ళని రాత్రి అన్నం తిన్న గంటకి, నిమ్మకాయ నీళ్ళతో వేసుకోమంటాను.

ఇంకొకటి. విరేచనం నల్లగా అయితే "ఒంటికి పట్టక కిందికి పోతోంది" అని భయపడి మానేస్తారు. దాదాపు అందరికీ అలాగే అవుతుంది. ఎంత బాగా పట్టినా ఐరన్‌లో చాలా భాగం బయటికే పోతుంది. కానీ తారులాగా జిగటగా, బాగా దుర్వాసనతో ఉంటే అది రక్తం కావచ్చు, అప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి.

తోటకూర_కట్ట
నర్సమ్మగారూ, ఆ తల్లిలో నన్ను చూసుకున్నాను. చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను, చేసింది అదే పని.

నాలుగో_టీ
టీని మరీ విలన్‌ని చేస్తున్నారు. మా నాయనమ్మ రోజుకి నాలుగు టీలు తాగి 88 ఏళ్ళు బతికింది, రక్తం ఎప్పుడూ తగ్గలేదు.

మందులషాపు_22
టీ మానమని ఎవరన్నారు తమ్ముడూ? టైము మార్చమంటున్నాం. 1983లో అమెరికాలో చేసిన అధ్యయనం ఒకటుంది. హాంబర్గర్ భోజనంతో పాటు కాఫీ తాగితే ఐరన్ పట్టడం 39 శాతం తగ్గింది, టీ తాగితే 64 శాతం. అదే కాఫీ భోజనానికి గంట ముందు తాగితే ఏ తేడా రాలేదు. తిన్న గంటకి తాగితే మాత్రం కలిపి తాగినంత నష్టమూ జరిగింది. అందుకే ముందు తాగండి, తర్వాతైతే కనీసం రెండు గంటలు ఆగండి అంటాను. మీ నాయనమ్మగారికి ఒంట్లో నిల్వలు బాగుండి ఉంటాయి. నిల్వలు అడుగంటినవాళ్ళకే ఈ లెక్కలు.

జ్యూరిక్_తెలుగోడు
ఒక కొత్త సంగతి కలుపుతున్నాను. రోజూ కాకుండా రోజు విడిచి రోజు వేసుకుంటే బాగా పడుతుంది. ఐరన్ లోపలికి వెళ్ళగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ వదులుతుంది, అది పేగు దగ్గర గేటు వేసేస్తుంది. ఆ గేటు దాదాపు 24 గంటలు మూసే ఉంటుంది. మర్నాడు వేసిన బిళ్ళ గేటు బయటే నిలబడిపోతుంది. 2017లో మా ఊళ్ళోనే ఐరన్ నిల్వలు తక్కువున్న స్త్రీల మీద అధ్యయనం చేశారు. రోజూ వేసుకున్నవాళ్ళకి 16.3 శాతం పడితే, రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్ళకి 21.8 శాతం పట్టింది. కడుపులో తిప్పడం కూడా తగ్గుతుంది.

పాత_స్టెతస్కోపు
జ్యూరిక్_తెలుగోడు చెప్పిన అధ్యయనం మంచిదే, రక్తహీనత ఉన్నవాళ్ళ మీద కూడా 2020లో చేశారు. కానీ లెక్క పూర్తిగా చూడండి. బిళ్ళకి పట్టే శాతం పెరిగినా నెలకి బిళ్ళలు సగమే అవుతాయి కదా. 8.6 ఉన్న మనిషికి త్వరగా పెంచాలనుకుంటే చాలామంది డాక్టర్లు రోజూ ఇవ్వడానికే మొగ్గు చూపుతారు. నేనూ అంతే. పడకపోతే, వికారం ఎక్కువైతే రోజు విడిచి రోజు ఇస్తాను. రోజుకి రెండు మూడు బిళ్ళలు వేస్తే త్వరగా పెరుగుతుందన్న పాత అలవాటు మాత్రం తప్పు, అది కడుపు పాడుచేయడానికే.

ఇంకో మాట. అందరూ టీ మీద పడి అసలు ప్రశ్న వదిలేశారు. ఐరన్ ఎందుకు తగ్గింది? అమ్మా, నెలసరి ఎన్ని రోజులు ఉంటుంది, ఎంత పోతుంది? ఇంతమంది మధ్య రాయక్కర్లేదు, మీ డాక్టరుతో చెప్పండి. కుండకి కింద చిల్లు ఉంటే పైనుంచి ఎంత పోసినా నిండదు. గ్యాస్ మాత్ర ఏడాదిగా ఎందుకు వాడుతున్నారో కూడా అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు. కడుపులో హెలికోబాక్టర్ అనే బాక్టీరియా ఉన్నా అటు మంట, ఇటు ఐరన్ పట్టకపోవడం రెండూ ఉండొచ్చు.

జ్యూరిక్_తెలుగోడు
నెల లెక్క నిజమే డాక్టరుగారూ, నేను శాతం ఒక్కటే చూశాను. మా చెల్లికి రోజూ వేసుకుంటే వాంతులు. తను రోజు విడిచి రోజు వేసుకునే నాలుగు నెలల్లో 11 దాటింది. అలాంటివాళ్ళకి అసలు మానేయడం కన్నా ఇది మేలు అంటాను.

పాత_స్టెతస్కోపు
అందులో మనిద్దరికీ తేడా లేదు.

సీమ_ఎండ
నాది వేరే కథ, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. నాలుగేళ్ళు ఐరన్ మింగాను. టీ లేదు, కాఫీ లేదు, నిమ్మరసంతో, అన్నీ పద్ధతిగా. హిమోగ్లోబిన్ 10 దాటలేదు. చివరికి ఒక కొత్త డాక్టరమ్మ పాత కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఎర్ర రక్తకణాల సంఖ్య ఎక్కువగానే ఉంది, సైజు మాత్రం బాగా చిన్నగా ఉందని వేలు పెట్టి చూపించారు. ఫెరిటిన్ చూస్తే నిండుగా ఉంది. హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో థలసీమియా ట్రెయిట్ అని తేలింది, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒక రక్త లోపం. నాకు ఐరన్ తక్కువే లేదు! ఫెరిటిన్ చూడకుండా ఏళ్ళ తరబడి బిళ్ళలు మింగకండి. పెళ్ళి కావాల్సిన పిల్లలుంటే ఈ పరీక్ష తప్పకుండా చేయించండి. ఇద్దరికీ ట్రెయిట్ ఉంటే పుట్టే బిడ్డకి పెద్ద జబ్బు రావచ్చు.

రెండో_కాఫీ
సీమ_ఎండ అక్కా, నాకు ఇంతవరకు ఫెరిటిన్ చూడనే లేదు. రేపే వెళ్తాను.

డల్లాస్_పిన్ని
ఐరన్ కాదు కానీ ఒంటపట్టడం గురించే. నాకు విటమిన్ డి 14 ఉండేది. ఏడాది పాటు పొద్దున్నే పరగడుపున, బ్లాక్ కాఫీతో వేసుకున్నాను. 19 అయింది, అంతే. విటమిన్ డి కొవ్వులో కరిగేది, తినేదాంట్లో నూనో నెయ్యో ఉండాలని తర్వాత తెలిసింది. 2010లో ఇక్కడ అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 17 మందిని రోజులో పెద్ద భోజనంతో వేసుకోమంటే రక్తంలో స్థాయి సగానికి పైగా పెరిగిందట. ఇప్పుడు రాత్రి పప్పన్నం, నెయ్యితో వేసుకుంటున్నాను. ఆర్నెల్లలో 34.

నాలుగో_టీ
వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల ప్యాకెట్‌ని మా నాన్న వెన్న తీసిన పాలలో కలుపుకుని తాగుతారు. అదీ వృథాయేనా?

డల్లాస్_పిన్ని
పూర్తిగా వృథా కాదు నాన్నా. భోజనం అయ్యాక తాగమను, సరిపోతుంది.

ఇనుప_మూకుడు
మరి పసుపు పాలలో మిరియాల పొడి? అదీ ఇదే లెక్కలోకి వస్తుందా?

ల్యాబ్_కోటు
వస్తుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో 1998లో చూశారు. పసుపులో ఉండే కర్క్యుమిన్ 2 గ్రాములు ఒక్కటే ఇస్తే రక్తంలో దాదాపు ఏమీ కనబడలేదు. 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటు, కలిపి ఇస్తే 2000 శాతం పెరిగింది. అయితే మొదట ఉన్నది అతి తక్కువ కాబట్టి ఎంత పెరిగినా మొత్తం మీద కొంచెమే. పసుపు పాలు గొంతుకి హాయి, తాగండి. జబ్బుకి మందుగా దాన్ని నమ్ముకుని ఉన్న మందు మానకండి. మిరియాలు కొన్ని మందుల మోతాదుని కూడా పెంచగలవు, పైపరిన్ గుళికలు కొనేవాళ్ళు జాగ్రత్త.

మందులషాపు_22
ల్యాబ్_కోటు గారి చివరి మాట పట్టుకుని ఇంకొకటి చెప్తాను. పట్టకపోవడం ఒక ప్రమాదమైతే, ఒక్కసారిగా పట్టేయడం ఇంకో ప్రమాదం. ఒక కోడలుపిల్ల మా షాపుకొచ్చి "మామయ్యగారు బిళ్ళ మింగలేకపోతున్నారు, చిన్న రోట్లో నూరి పెరుగన్నంలో కలిపి పెడుతున్నాను, తిన్నాక కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు" అంది. తీసి చూస్తే అది నిఫెడిపిన్ రిటార్డ్, బీపీ బిళ్ళ. కొంచెం కొంచెంగా గంటల తరబడి వదిలేలా చేసిన బిళ్ళని నూరితే మందంతా ఒకేసారి రక్తంలోకి పోతుంది, బీపీ దభేల్మని పడిపోతుంది. ఆ పిల్ల ఎంత ప్రేమగా చేసిందో, వణుకుతూ అక్కడే కూర్చుండిపోయింది. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్, రిటార్డ్ అని ఉన్న ఏ బిళ్ళనీ అడగకుండా నూరకండి, విరవకండి. మింగలేకపోతే చెప్పండి, వేరే రూపంలో దొరుకుతుందేమో డాక్టరుతో మాట్లాడి చూస్తాం.

గోదారి_గట్టు
మా బావకి కిడ్నీ మార్పిడి అయింది. గ్రేప్‌ఫ్రూట్ ముట్టొద్దన్నారు. మాకెక్కడిది గ్రేప్‌ఫ్రూట్ అనుకున్నాం. కానీ మా పెరట్లో పంపర పనస చెట్టుంది, కార్తీక మాసంలో బుట్టలకొద్దీ కాస్తుంది. ఆ రెండూ దగ్గర చుట్టాలని మాకెవరూ చెప్పలేదు. తిన్న రెండు వారాలకి చేసిన పరీక్షలో మందు స్థాయి పెరిగిపోయి కనిపించింది, కంగారుగా మోతాదు తగ్గించారు.

పాత_స్టెతస్కోపు
సరిగ్గా గుర్తుచేశారు. పేగు గోడలో కొన్ని మందుల్ని లోపలికి వెళ్ళకముందే కొంత విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. గ్రేప్‌ఫ్రూట్ రసం దాన్ని పనిచేయనివ్వదు. 1989లో కెనడాలో ఒక బీపీ మందు మీద మద్యం ప్రభావం పరీక్ష చేస్తూ, మద్యం రుచి తెలియకుండా ఉండటానికి ఆ రసం కలిపి ఇస్తే అనుకోకుండా బయటపడింది. పంపర పనసలోనూ ఆ పదార్థాలుంటాయి. మార్పిడి మందులు, కొన్ని కొలెస్టరాల్ మందులు, కొన్ని బీపీ మందులు వాడేవాళ్ళు అడిగి తినాలి.

నిర్వాహకుడు
చర్చ బాగుంది, కొనసాగించండి. ఇక్కడ చదివి ఎవరూ సొంతంగా మోతాదులు మార్చుకోవద్దని మనవి.

తోటకూర_కట్ట
పాత చర్చని పైకి తెస్తున్నాను, ఆరు వారాలైంది. మా డాక్టరుకి అన్నీ చెప్పాను, ఆయన తలపట్టుకున్నారు, "నేను అడగాల్సింది" అన్నారు. ఇప్పుడు ఆరున్నరకి థైరాయిడ్ మాత్ర మంచినీళ్ళతో, కాఫీ ఏడున్నరకి. పదకొండున్నరకి ఆఫీసులో ఐరన్, దాంతో ఒక జామకాయ ముక్కలు కోసి డబ్బాలో తీసుకెళ్తున్నాను. టీ సాయంత్రం నాలుగింటికి. క్యాల్షియం రాత్రి అన్నంతో. గ్యాస్ మాత్ర మెల్లగా తగ్గించి ఆపించారు, రాత్రి భోజనం ఎనిమిదిలోపు చేస్తే మంట కూడా పెద్దగా లేదు. నెలసరి సంగతికి స్కాన్ తీశారు, గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్ గడ్డ ఉంది, దానికి వేరే మందు ఇచ్చారు.

హిమోగ్లోబిన్ 10.7. టీఎస్‌హెచ్ 3.1, అదే 75తోనే.

నిన్న రెండో అంతస్తుకి కూరల సంచీతో ఎక్కాను, మధ్యలో ఆగలేదు. పైకెళ్ళాక గుర్తొచ్చింది ఆగలేదని.

పల్లె_నర్సమ్మ
తల్లీ, ఇది చదివి నా కడుపు నిండింది. 12 దాటాక కూడా వెంటనే మానేయకు, నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు పడుతుంది.

సీమ_ఎండ
అత్తగారికి చూపించావా కాగితం?

తోటకూర_కట్ట
చూపించాను అక్కా. ఇప్పుడు రోజూ జామకాయలు ఆవిడే ఏరి తెస్తున్నారు. తన మోకాళ్ళ నొప్పులకి వాడే క్యాల్షియం కూడా టీతో మింగుతున్నారని అప్పుడు తెలిసింది.

రెండో_కాఫీ
నా ఫెరిటిన్ 9. కారణం దొరికింది, నాదీ అన్నం తిన్న వెంటనే తాగే కాఫీనే. ఇంకో సందేహం. మా నాన్నగారు పన్నెండేళ్ళుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, ఈమధ్య కాళ్ళు తిమ్మిర్లంటున్నారు. అందరూ షుగర్ వల్లే అంటున్నారు. ఇక్కడ రాసినవన్నీ చదివాక అనుమానమొచ్చింది, మెట్‌ఫార్మిన్ కూడా ఏదైనా పట్టకుండా చేస్తుందా?

పాత_స్టెతస్కోపు
చేస్తుంది, బి12ని. షుగర్ వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి కాబట్టి ఇది మరుగున పడిపోతుంది. ఈ వారంలోనే బి12 పరీక్ష చేయించండి.